పక్క ఊరి నీళ్ళు

తమ్ముడికి,

ఇక్కడ అందరం కులాసా. పొద్దున్నుంచి ఇంట్లో కుళాయి వస్తోంది. అవి మీ అత్తగారి ఊరి నీళ్ళు.

మన బోర్లన్నీ ఎండిపోయి, ఆసుపత్రికి కూడా ట్యాంకరే దిక్కయింది. మున్సిపల్ ఛైర్‌పర్సన్‌ని కదా, అందరూ నా మొహమే చూశారు. పక్క ఊళ్ళో నీళ్ళున్నాయి గాని, అక్కడి ఛైర్‌పర్సన్ మీ అత్తగారాయె. రెండేళ్ళ కిందటి నీటి వాటాల గొడవలో మేమిద్దరం నిండు సభలో ఎన్ని మాటలనుకున్నామో నీకు తెలుసు. చివరికి సిగ్గు చంపుకుని ఆవిడ ఆఫీసుకు వెళ్ళాను.

నేను నోరు తెరవకముందే గ్లాసు నా ముందు పెట్టారు.

"ముందు మంచినీళ్ళు తాగమ్మా. అడగాల్సింది తర్వాత అడుగుదువుగాని."

తాగాను. "మీకు లేకుండా మాకివ్వొద్దు అత్తయ్యగారూ" అన్నాను.

"మాకు నీళ్ళకేం లోటు లేదు. మోటారే ముసలిదై మూలుగుతోంది. మీ కొత్త మోటారు ఊరికే పడుంది కదా, తెచ్చి మా దగ్గర పెట్టు. రెండూళ్ళూ తాగుతాయి" అన్నారు.

రెండు కౌన్సిళ్ళూ ఒప్పుకున్నాయి. పైపులు కలిపారు. ఈ పొద్దున నీళ్ళు మొదట ఎర్రగా, తర్వాత తేటగా వచ్చాయి. చూడ్డానికొచ్చిన మీ అత్తగారిని అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. వాళ్ళ కబుర్లు ఇంకా తెగలేదు.

ఈ రెండేళ్ళూ సెలవు దొరకడం లేదని రాస్తూ వచ్చావు. ఇప్పుడు దొరుకుతుందేమో చూడు. మరదలిని తీసుకుని రా. ఏ ఇంట్లో దిగినా ఎవరమూ ఏమీ అనుకోం.

మీ అక్క