అమ్మమ్మ పాటలో తప్పు

శుక్రవారం, సంత రోజు.

ఇవాళ తొమ్మిదో తరగతికి పాతకాలపు గ్రీకుల పాఠం చెప్పాను. రాత లేని రోజుల్లో వాళ్ల గాయకులు యుద్ధగాథలను పాడిన ప్రతిసారీ కొత్తగా అల్లేవారని చెబుతుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది.

చోళ్లు విసురుతూ, తిరగలి చప్పుడే తాళంగా, మావాళ్లు ఈ కొండలకు వచ్చిన కథ పాడేది. చిన్నప్పుడు నేనది నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మర్నాడు పాట మారేసరికి అమ్మమ్మను మధ్యలోనే ఆపాను.

“తప్పు పాడతన్నావు అమ్మమ్మా, నిన్న ఇలా లేదు.”

“అలాగేటి? అయితే నువ్వే సదువు గుంటా” అని నవ్వింది. ఆ తర్వాత నేను చదివేదాన్ని, తను వినేది. మళ్లీ పాడలేదు.

“మరైతే ఏది కరెక్టు పాట మేడం?” అని క్లాసులో ఒక పిల్ల అడిగింది.

ఆ నోట్‌బుక్ ఇప్పుడే తీసి చూశాను. అందులో ఒక్క తప్పూ లేదు.