హార్బరు గేటు దాకా

గుడియాత్తం, 1994
ఆదివారం రాత్రి

తమ్ముడు మునస్వామిని అండమాన్ ఓడకు సాగనంపి వచ్చాను. అక్కడ కట్టడం పని దొరికిందట. భార్య పోయాక వాడికి ఈ ఊళ్లో నిలవబుద్ధి కాలేదు.

మద్రాసు సెంట్రల్లో దిగాక మా ఇనప ట్రంకు, పరుపుచుట్ట చూసి ఆటోవాళ్లెవరూ రామన్నారు. చివరికి ఒక సైకిల్ రిక్షా దొరికింది. ట్రంకు మీద తమ్ముడి కూతురు దేవిని కూర్చోబెట్టి, మేమిద్దరం వెనకే నడిచాం. తనూ ఓడెక్కుతుందనుకుని పిల్ల దారంతా నవ్వుతూనే ఉంది. కాదని చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు.

హార్బరు గేటు దగ్గర టికెట్ ఉన్నవాళ్లనే లోపలికి వదిలారు. మునస్వామి దేవిని దించి నా చేతికిచ్చాడు.

"ఇంక దీనికి అమ్మయినా నాయనైనా నువ్వేక్కా" అన్నాడు. ట్రంకు నెత్తిన పెట్టుకుని, తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

"నాయనా, నన్ను మర్చిపోయి పోతాండావు!" అని అది గేటు కమ్మీలు పట్టుకుని అరిచింది.

ఇందాక పడుకోబెట్టి చెప్పులు విప్పబోతే నా చెయ్యి పట్టుకుంది. "వద్దత్తా, నాయన పిలిస్తే పరిగెత్తాల గదా" అంది.

చెప్పులతోనే నిద్రపోయింది. వాడు ఎన్నాళ్లకు తిరిగొస్తాడో నేనూ అడగలేదు...