కత్తిరించిన కర్టెన్లు

షికూటిమి, డిసెంబరు 4

అమ్మకు,

మేం చలికి వణకటం లేదు, కంగారు పడకు. ఇంట్లో అన్నీ కరెంటు హీటర్లే కదా, బిల్లు చూసి నీ అల్లుడు రెజాన్, "మార్చి దాకా మీ అమ్మ గది హీటరు ఆపేసి తలుపు మూసేద్దాం" అన్నాడు. "మరి క్రిస్మస్‌కి మా అమ్మని ఎక్కడ పడుకోబెడతావు, గ్యారేజీలోనా?" అన్నాను. మర్నాడు వాకిట్లో మంచు ఎత్తిపోస్తుంటే, హాలు కిటికీ బయటి గట్టు మీద మాత్రం మంచు కరిగి కారుతోంది. లోపలికొచ్చి నువ్వు కుట్టిన కర్టెన్ వెనక చెయ్యి పెడితే అక్కడ వేసవికాలం! నేలదాకా వేలాడే కర్టెన్ కిటికీ కింది హీటరుని కప్పేసి, వేడంతా అద్దానికి అప్పజెబుతోంది. కత్తెర తీసుకుని అన్ని కర్టెన్లూ హీటరుకి జానెడు పైకి కత్తిరించేశాను. ఆ ముక్కలతో పొడుగు సంచులు కుట్టి, ఇసుక నింపి, తలుపుల కింద సందులకి అడ్డం పెట్టాను. రెజాన్ ఇప్పుడు చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతున్నాడు, ఒప్పుకోడు మాత్రం.

నీ మోకాలు ఎలా ఉంది? వచ్చేటప్పుడు బ్లూబెర్రీ జామ్ రెండు సీసాలు తే. పిల్లలు ముద్దులు పంపుతున్నారు.

ఆ కర్టెన్లు నువ్వు రెండు నెలలు కూర్చుని కుట్టావని తెలుసు. తిట్టాలనుంటే ఇక్కడికొచ్చి తిట్టు. నీ గది వెచ్చగానే ఉంది.

గిలెన్