రెండో జయచంద్ర

గుత్తి, సోమవారం

ప్రియమైన సారాకు,

దివాకర్ మనుషులు నన్ను ఇక్కడ ఒక గదిలో ఉంచి, ఫోను తీసేసుకున్నారు. అందుకే ఉత్తరం. ఇక్కడికి నీళ్ల క్యాన్లు తెచ్చే యేసన్న అత్తగారిది మన కొత్తచెరువే. జవాబు అతని చేతికే ఇవ్వు.

అనంతపురంలో మా ఆటో స్టాండు దివాకర్ చెప్పినట్టు నడుస్తుందని నీకు తెలుసు. "ఏమప్పా, నామినేషన్ మింద సంతకం పెట్టు, అంతే. డిపాజిట్టు మా పార్టీ కడతాది" అన్నాడు. కాదంటే స్టాండులో ఆటో పెట్టనివ్వడని సంతకం పెట్టాను. ఎదుటి పార్టీ అభ్యర్థి పేరు కూడా జయచంద్రే. జనం పొరబడి నాకు ఓట్లు వేస్తే ఆయనకు అన్ని తగ్గుతాయని వీళ్ల ఆశ.

అంతటితో ఆగలేదు. ప్రచారానికని నా పేరు మీద బండ్లకు అనుమతి తీసుకున్నారు. వాటిలో తిరిగేది దివాకర్ పార్టీ వాళ్లే. అభ్యర్థి ఖర్చుకు ఒక హద్దు ఉందట. వాళ్ల అభ్యర్థి ఆ హద్దు దాటకుండా డీజిలు, బిర్యానీ అన్నీ నా ఖర్చుగా చూపిస్తున్నారు. "క్యాండిడేటు సారుకు టీ తెండ్రా" అని నన్ను చూసి నవ్వుతారు. నామినేషన్ వెనక్కి తీసుకునే గడువు దాటేదాకా గది కదలనివ్వరట. నాకు భయంగా ఉంది. పాపకు చెప్పకు.

నీ
జయచంద్ర

కొత్తచెరువు, బుధవారం

సువార్త నాయనకు ప్రేమతో,

నిన్న హాస్టల్లో వంట ముగించి వచ్చేసరికి ఇద్దరు మన అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆ జయచంద్ర పార్టీ వాళ్లు. "నీ మొగుడు యాడుండాడమ్మా?" అని అడిగారు. తెలియదన్నాను.

"శుక్రవారం లోపల పేరు ఎనిక్కి తీసుకోమని చెప్పు. మీ పాప బడి విడిచినాక ఒక్కతే నడిచి వస్తాంటాది కదా" అన్నాడు ఒకడు. గొంతు పెంచలేదు. మంచినీళ్లిస్తే తాగి, లోటా కడిగి పెట్టి వెళ్లాడు.

వెంటనే సువార్తను మా అక్క కృపాకుమారి ఊరికి పంపేశాను. పొద్దు వాలకముందే దివాకర్ మనిషి వచ్చి బియ్యం మూట దించాడు. వద్దన్నా వినలేదు. "మావోళ్లు మీకు కాపలా ఉంటారు" అన్నాడు. సందు మొదట్లో ఇప్పటికీ వాడి బైకు ఉంది. నేను కుళాయికి వెళితే వెనకే వస్తున్నాడు.

ఎలాగైనా బయటపడి పేరు వెనక్కి తీసుకోండి. మీ కోసం ప్రార్థన చేద్దామన్నా మాట కుదరడం లేదు.

మీ
సారా

గుత్తి, శనివారం

ప్రియమైన సారాకు,

గడువు నిన్నటితో అయిపోయింది. పొద్దున్నే పాప సంగతి చెప్పి, నన్ను వదిలేయమని దివాకర్ కాళ్లు పట్టుకున్నాను. "భయపడతాండావా? మా బిడ్డ మాదిరే కదప్పా, మేం చూసుకోమా?" అని నా భుజం తట్టాడు. బయటికి వెళ్లి గడియ పెట్టాడు. సాయంత్రం దాకా తీయలేదు.

ఈ రోజు హైవే మీద తనిఖీలో ఒక బండి దొరికింది. సీట్ల కింద నోట్ల కట్టలున్నాయట. బండి అనుమతి నా పేరు మీదే ఉంది. "అడిగితే దుడ్లు నావే అని చెప్పు. ఇంకో పేరు నోటికి రానీకు. నీ ఇల్లు యాడుండాదో మాకు తెలుసు" అన్నాడు దివాకర్. ఈసారి భుజం తట్టలేదు.

నన్ను వేరే చోటికి మారుస్తారట. ఎక్కడికని అడిగితే ఎవరూ నా ముఖం చూడటం లేదు. కింద బండి చప్పుడైతే చాలు, లేచి కిటికీ దగ్గరికి పోతున్నాను. ఇక ఉత్తరం రాకపోతే నువ్వు కూడా అక్క దగ్గరికి వెళ్లిపో. నన్ను వెతకవద్దు.

నీ
జయచంద్ర

గురువారం

సువార్త నాయనకు,

ఎక్కడి నుంచి రాస్తున్నానో పైన వేయలేదు. మీ కేసు చూస్తున్న లాయరమ్మ ప్రసూన ఈ ఉత్తరం జైల్లో మీ చేతికే ఇస్తానన్నారు.

వెతకవద్దన్నారు. నేను వెతికాను. హాస్టల్ వెనక గేటు నుంచి బయటపడి, యేసన్నను వెంటబెట్టుకుని అనంతపురం వెళ్లాను. ఎన్నికల ఖర్చులు చూసే అధికారి గది ముందు కూర్చున్నాను. లోపలికి పంపలేదు. గట్టిగా ఏడిస్తే ఆయనే బయటికి వచ్చారు. గుత్తిలో మీ గది ఎక్కడుందో యేసన్న చెప్పాడు. పోలీసులను మీ మీదికి పంపింది నేనే. మిమ్మల్ని బండి ఎక్కిస్తుండగా వాళ్లు చేరుకున్నారట. ఆ బండి ఎక్కడికి పోయేదో నేను అడగలేదు. ఇప్పుడు మీరు ఏ తలుపు వెనక ఉన్నారో నాకు తెలుసు. నన్ను తిట్టాలనుంటే ఇంటికి వచ్చాక తిట్టండి.

మర్నాడు దివాకర్ మనుషులు ఇంటికి వచ్చారు. వాళ్లు పోగానే ఆ జయచంద్ర పార్టీ వాళ్లూ వచ్చారు. నోరు మూసుకోమనే ఇద్దరూ చెప్పింది. ఎందుకని ప్రసూనను అడిగాను. "ఆ డబ్బు ఇచ్చిన కాంట్రాక్టరు ఒక్కడేనమ్మా. ఎవరు గెలిచినా పనులు తనకే రావాలని రెండు పార్టీలకూ ఇచ్చాడు. నీ భర్త నిజం చెబితే ఆ డబ్బు ఎక్కడిదో తవ్వుతారు, ఇద్దరి గుట్టూ బయటపడుతుంది" అన్నారు. ఆ పూటే ఇల్లు విడిచి పాప దగ్గరికి వచ్చేశాను.

డబ్బు నాదేనని మీరు ఇంకా అంటున్నారట. మా కోసమేనని తెలుసు. వద్దు. రేపు కోర్టులో అడుగుతారు. ఆ అధికారి ముందు దివాకర్ పేరు పలకబోతే నాకు గొంతు రాలేదు. నీళ్లిచ్చారు, అయినా రాలేదు. చాలాసేపటికి వచ్చింది.

నేను చెప్పేశాను. ఇక మీరు చెప్పండి.

మీ
సారా