తొమ్మిదక్షరాల గండం

కరగండ, ఫిబ్రవరి

తొక్తర్బాయ్ మావయ్యకీ, షెకెర్ అత్తకీ మీ మేనకోడలు బల్జాన్ సలాములు.

మీ ఊరి టవరు మంచుకి కూలినప్పటినుంచీ ఫోను కలవడం లేదు. అందుకే ఉత్తరం. నా చేతిరాత కోడి గీకినట్టుందని తిడతారుగా, టైపు చేసి పంపిస్తున్నా. నేను చేసుకోబోయే యెర్సాయిన్ గురించి అమ్మ చెప్పే ఉంటుంది. కీబోర్డులు సొంతంగా బిగించడం అతని పిచ్చి. నాకొకటి, వాళ్ళ నాన్న కెంజెతాయ్ గారికొకటి చేసిచ్చాడు. అరచేతి కన్నా కాస్త పెద్దది. మీట నొక్కితే వడగళ్ళు పడ్డట్టు చప్పుడు.

అసలు సంగతికొస్తా. నాన్న లేడు కనుక మా తరఫు పెద్ద మీరే. కెంజెతాయ్ గారు మీ ఇంటికే వస్తున్నారు. "కున్" సంగతి తేల్చందే కదలరట. వస్తూ వస్తూ "అన్" కూడా తెస్తారట.

ఇట్లు,
బల్జాన్

తా.క.: ఈ బుల్లి కీబోర్డుకి అంకెల వరసే లేదు. రష్యన్‌లో లేని మన కజక్ అక్షరాలు తొమ్మిదీ ఉండేది ఆ వరసలోనే. వాటి బదులు దగ్గరగా ఉన్న రష్యన్‌వి కొట్టేశాను. సర్దుకుని చదువుకోండి.

* * *

బాల్ఖాష్ ఒడ్డు నుంచి

అమ్మడూ బల్జాన్,

సర్దుకునే చదివాను. చదివి కూలబడ్డాను. "కున్"ని ఒకలా సర్దితే రోజు. ఇంకోలా సర్దితే, మనిషిని చంపినవాళ్ళు కట్టుకోవాల్సిన నెత్తురు పరిహారం. పెళ్ళిరోజు కోసం ఎవరైనా తేల్చందే కదలనంటాడా? "అన్" అంటే పాట కావచ్చు, అడవి మృగమూ కావచ్చు. పరిహారం అడగొచ్చేవాడు పాట పట్టుకొస్తాడా?

"మనమెవర్ని చంపామయ్యా?" అంటోంది మీ అత్త. ఆవిడకి చెప్పలేదు, నీకు చెబుతున్నా. ముప్పయ్యేళ్ళ కిందట లారీ నడిపేటప్పుడు, మంచు తుఫానులో, బావి మలుపు దగ్గర నా బండి దేనికో తగిలింది. మెత్తగా తగిలింది. దిగి చూడలేదు. భయమేసింది. ఆ చప్పుడు ఇవాళ్టికీ చెవిలోనే ఉంది. ఆ కెంజెతాయ్‌ది ఏ ఊరు? వెంటనే రాయి.

వణుకుతూ,
నీ మావయ్య

తా.క.: మృగం ఎంత ఉంటుందో కూడా రాయి. మన తలుపు పాతది.

* * *

కరగండ

మావయ్యకి సలాం.

మీ జవాబు ఇంకా అందలేదు. తపాలా బండి మంచులో ఇరుక్కుందట. ఈలోగా కెంజెతాయ్ గారు తన కీబోర్డు మీద రాసి పంపించింది ఉన్నదున్నట్టు దించుతున్నా: "కున్ ఆ ఇంట్లోనే తేలాలి. అన్ ఏడు నెలలుగా నా ప్రాణం. మొన్న విందులో అందరి మధ్యా వదిలితే ఆడవాళ్ళు ఏడ్చేశారు. ఒక ముసలాయన కూలబడిపోయాడు."

ఎంత గొప్పగా ఉంటుందో ఊహించుకోండి! మీ ఇంట్లోనూ వదులుతారట. వీధిలో పిల్లలందర్నీ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి.

సంతోషంతో,
బల్జాన్

తా.క.: చెప్పడం మరిచా. వాళ్ళది బావి మలుపు పక్క ఊరే. మీరు లారీ నడిపిన దారేగా!

* * *

బాల్ఖాష్ ఒడ్డు నుంచి

బల్జాన్,

బావి మలుపా!

గొర్రెల్ని పక్క ఊరికి తోలేశాను. తలుపుకి ఇనప గడియ బిగించాను. మీ అత్తకి లారీ సంగతి చెప్పేశాను. ఒక్క మాటా అనలేదు. పిండి పిసుకుతూనే ఉంది. నాకు అదే ఎక్కువ భయంగా ఉంది. నువ్వీ పెళ్ళి మానుకో. వద్దులే, నచ్చినవాడిని వదులుకోకు. తప్పు నాది. నన్నే తీసుకుపొమ్మను. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టాలా? మతి ఉండే రాశావా?

ఇంకా బతికే ఉన్న,
నీ మావయ్య

తా.క.: మీ అత్త ఇప్పుడు నోరు విప్పింది. మృగానికి గుర్రం మాంసం పెట్టాలా, గొర్రె మాంసమా అని అడగమంటోంది.

* * *

కరగండ

మావయ్యా,

కోడిగీతలైనా సరే, ఇది చేత్తోనే రాస్తున్నా. మీ ఉత్తరాలు రెండూ ఇవాళే కలిసి వచ్చాయి. కున్ అంటే రోజు! పెళ్ళిరోజు! అన్ అంటే పాట! ఒట్టు! యెర్సాయిన్‌ని పట్టుకుని దులిపేశాను. కింద మూల మీట నొక్కిపట్టి పై వరస కొడితే మన అక్షరాలన్నీ వస్తాయట. "చెప్పలేదా నీకు?" అంటాడు. వేసవి తర్వాత అతను ఇంటికి వెళ్ళలేదు. వాళ్ళ నాన్న పాటలు కడుతున్నాడని అతనికీ ఇప్పుడే తెలిసింది. పొంగిపోతున్నాడు.

గడియ తీసేయండి. గొర్రెల్ని తెచ్చేసుకోండి. లారీ సంగతికి మాత్రం నాకు నవ్వు రాలేదు. వచ్చే మనిషిది ఆ ఊరే, ఆయన్నే అడిగేయండి. ఏం తేలినా మీరు నాకు మావయ్యే.

మీ బల్జాన్

తా.క.: గొర్రె మాంసమే పెట్టమనండి. పాటకి ముందు మరీ ఎక్కువ వద్దు.

* * *

బాల్ఖాష్ ఒడ్డు నుంచి

అమ్మడూ,

రోజన్నావు, నిజమే. పాటన్నావు. తోడేలు.

నీ మాట నమ్మి తలుపు బార్లా తెరిచాను. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టాను. కెంజెతాయ్ గొలుసు పట్టుకుని లోపలికొచ్చాడు. తల్లి చచ్చిన కూనట. పాలు పట్టి పెంచాడు. ఇంట్లో వదిలేస్తే బెంగపెట్టుకుంటుందని వెంట తిప్పుతున్నాడు. పిల్లలు గోడకి అతుక్కుపోయారు. నేను కేక పెడదామని నోరు తెరిస్తే పాట వచ్చింది. గొర్రెలు ఈనే కాలంలో వాటికి మా అమ్మ పాడే పాట. తోడేలు చెవులు దించి పడుకుంది. ఆపితే తలెత్తి చూస్తోంది. ఇక ఆపలేదు. టీ చల్లారింది, మాంసం ఉడికింది, నేను పాడుతూనే ఉన్నాను. అది నిద్రపోయాకే గొంతుకి విశ్రాంతి.

అప్పుడు లారీ సంగతి చెప్పాను. కెంజెతాయ్ వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టాడు. నా చేయి పట్టుకుని మీ అత్త నిలబడింది.

చివరికి అన్నాడు: "ఆ చలికాలం మా ఊళ్ళో మనిషెవరూ పోలేదు. మా చిన్నాన్న ఒంటె కుంటుతూ ఇల్లు చేరింది. పదకొండేళ్ళు బతికింది. ఊరందర్నీ కరిచింది. దిగి చూసుంటే నిన్నూ కరిచేది."

మీ అత్త చేయి వదిలేసి ఏడ్చింది. నేను బయటికెళ్ళి చాలాసేపు మంచులో నిలబడ్డాను. ఏ చప్పుడూ వినపడలేదు.

పెళ్ళి మే నెలలో, గడ్డి మొలిచాక.

ఆశీస్సులతో,
నీ మావయ్య

తా.క.: తోడేలు బండి దిగడం చూసి మూడు గొర్రెలు మంచుగుట్ట మీదుగా పాక కప్పెక్కాయి. రెండు దిగాయి. మూడోది నిన్నటినుంచీ అక్కడే ఉంది. "అంత బాగా పాడావుగా, వెళ్ళి దానికీ పాడు" అని మీ అత్త నిచ్చెన పట్టుకుని నిలబడింది.