అత్త చెప్పిన ఆమెన్

1984 మార్చి 6, నంద్యాల

డైరీ రాయమన్నది డాక్టర్ శేషయ్య. టీచర్ని కదా, తప్పుల్లేకుండా రాస్తానని ఆశపడ్డాడేమో. బెంగళూరులో మనసు జబ్బుల చదువు చదివాడు. తర్వాత హైదరాబాదులో పదిరోజులు మాట్లాడకుండా కూర్చుని బుద్ధుడి ధ్యానం నేర్చుకున్నాడట. ఇప్పుడు రెండూ కలిపి వైద్యం చేస్తున్నాడు. ముందు ఇరవై నిమిషాలు ఊపిరిని చూసుకుంటూ కూర్చోవాలి. తర్వాత మనసులోకి ఏం వచ్చిందో చెప్పాలి.

నా జబ్బు బస్సు. మెట్టు మీద కాలు పెట్టగానే ఊపిరాడదు. పద్నాలుగు నెలల కిందట ఆళ్లగడ్డ నుంచి వస్తుంటే శిరివెళ్ల దాటాక మా బస్సును లారీ గుద్దింది. నా పక్కన కూర్చున్న తమ్ముడు పరంజ్యోతి పోయాడు. నాకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. అమ్మ ఆళ్లగడ్డలో ఒక్కతే ఉంటుంది, నేనిక్కడ మేనత్త దగ్గర. సమాధి రోజు నన్ను జీపులో తీసుకుపోయారు. ఆ తర్వాత నేను పోలేదు, ఆమె రాలేదు.

మార్చి 9

రెండు ఊపిర్లు చూశాను. మూడోదానికి చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్న పరలోక ప్రార్థన మొదలైంది. కళ్లు మూస్తే ప్రార్థన తప్ప ఇంకేం తెలుసు నాకు! చెబితే డాక్టరు నవ్వాడు. రానీయండి మేడం, తోసేయొద్దు, దాని వెంట పోవద్దు, వచ్చిందని చూడండి చాలు అన్నాడు.

మార్చి 21

ఆ డాక్టరు బల్ల మీద బుద్ధుని బొమ్మ ఉందంట, దానికి మొక్కుతాండావా అని అత్త అడిగింది. పక్కన మందుల కంపెనీ క్యాలెండరు కూడా ఉంది, దానికీ మొక్కలేదని చెప్పాను. అత్త మూతి ముడుచుకుంది.

ఏప్రిల్ 2

అసలు సంగతి డాక్టరుకు చెప్పలేదు. ఇక్కడా రాయలేదు. ఆరోజు కిటికీ పక్కన కూర్చున్నది నేను. ఎండ ముఖాన కొడుతోందని తమ్ముణ్ని సీటు మార్చుకోమన్నాను. లారీ ఆ పక్కనే గుద్దింది.

రాశాను.

ఏప్రిల్ 3

కూర్చోలేదు.

మే 19

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. ఆళ్లగడ్డ. జూన్ 11న చేరాలి. చేరకపోతే మెమో, ఆపైన ఉద్యోగమే పోతుంది. స్టాఫంతా, అమ్మ దగ్గరికి పోతాండావ్, అదృష్టవంతురాలివి అన్నారు. నాకు ఏడుపు కూడా రాలేదు. నా భయం బస్సంటే కాదేమో, అది దించే చోటంటే. ఒక్క ఉత్తరంలోనూ అమ్మ నన్ను రమ్మనలేదు. తెలిసిపోయిందేమో. ఆమె ముఖం ఎట్లా చూడాలి?

మే 27, సాయంత్రం ఆరు

వసారాలో కూర్చున్నాను. కాసేపటికి పక్కన చాప పరిచిన చప్పుడు. అత్త. నేను ప్రార్థన చేస్తున్నాననుకుని కొంగు తల మీద కప్పుకుని మోకాళ్లూనింది. మా ఇళ్లలో అంతే. ఒకరు ప్రార్థనలో ఉంటే పక్కనున్నవాళ్లు ఆమెన్ అనేదాకా లేవకూడదు. అరవై ఏడేళ్ల మోకాళ్లు. ఇరవై నిమిషాలు నా ఆమెన్ కోసం కాచుకుంది. లేపుదామంటే సిగ్గు. ఊరికే ఆమెన్ అనేద్దామంటే అబద్ధం. నోరు తెరిస్తే ఇంకోటి వచ్చింది. తమ్ముణ్ని ఆ సీట్లో కూర్చోబెట్టింది నేనే, నేనే అని. పెద్దగా అన్నాను. ఏడ్చాను. ఇన్ని నెలల్లో ఇదే మొదటిసారి.

నా ఏడుపు తగ్గేదాకా అత్త మోకాళ్ల మీదే ఉంది. తర్వాత తనే ఆమెన్ అంది. మోకాళ్లు పట్టుకుంటూ లేచి పోయి పొయ్యి మీద చారు పెట్టింది. ఒక్క మాట అడగలేదు. ప్రార్థనలో విన్నది మావాళ్లు బయట మాట్లాడరు.

మే 29

డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన పెన్ను మూసి పక్కన పెట్టాడు. నేను ఇన్నేళ్లు చదివి, పదిరోజులు నోరు మూసుకుని నేర్చుకున్న పని మీ అత్తగారు చాప మీద చేసేసినారే అన్నాడు.

అమ్మకు చెప్పాలా అని అడిగాను. చెప్పమనలేదు, వద్దనలేదు. ఆ మాట అడిగేటప్పుడు మీ ఊపిరి యాడ ఆగిందో చూసినారా అన్నాడు. చూశాను. గొంతు దగ్గర.

జూన్ 9

బస్సెక్కాను. అత్త తోడొస్తానంది, వద్దన్నాను. శిరివెళ్ల దగ్గర చేతులు వణికాయి. వణుకుతున్నాయని చూస్తూ కూర్చున్నాను. వణికి వణికి అవే ఆగాయి.

జూన్ 10, ఆళ్లగడ్డ

పొద్దున చర్చికి పోయే ముందు అమ్మకు చెప్పాను. జొన్నరొట్టె తడుతోంది. చెయ్యి ఆగింది. ఎండ తగిలితే అక్కకు తలనొప్పి, సీటు మార్చుకోరా అని బస్టాండులో వానికి చెప్పి పంపింది నేనే గదమ్మా అంది. ఆ మాట నీకెట్ల చెప్పేది, నీ మొగం ఎట్ల చూసేది, అందుకే నంద్యాల బస్సెక్కలేకపోతి అంది.

పెనం మీద రొట్టె మాడింది. ఇద్దరం చూస్తూనే ఉన్నాం.

జూన్ 16, నంద్యాల

ఇద్దరం బస్సులోనే వచ్చాం. డాక్టరు దగ్గర కాంపౌండరు పేషెంటు పేరడిగాడు. సలోమి అని చెప్పాను. మా అమ్మ.