ముప్పై అయిదు లెన్సే ఉంచుకో

బావా, రొట్టెలు డబ్బల ఉన్నయి. వంకాయ కూర వేడి చేసుకొనే తిను. పండుకునే ముందు మోటర్ వేసి ట్యాంకు నింపు, మర్చిపోకు.

కెమెరా దుకాణం వీరేశం అన్న ఫోన్ చేసిండు. నీ కొత్త కెమెరాకు ట్రయల్‌కని ఇచ్చిన రెండు లెన్సులల్ల ఒకటి ఈ పొద్దే చేవెళ్లల దుకాణానికి వాపస్ ఇయ్యాల్నంట. ఏది ఉంచుకోవాల్నో చెప్పుమని మొన్న ఫ్రిజ్ మీద చీటీ పెట్టి పోయినవు గద, చెప్తున్న.

నిన్న నాకు సెలవు. నువ్వేమో మొయినాబాద్ ఫామ్‌హౌస్‌ల రాత్రంత పెండ్లి షూటింగ్ చేసొచ్చి, మళ్ల రాత్రి డ్యూటీకి పోయేదాక పండుకున్నవు. లేపబుద్ధి కాలే. రెండు లెన్సులు మార్చి మార్చి నిన్నే ఫొటోలు తీసిన. ఎనభై అయిదు ఎమ్ఎమ్ లెన్సుతోటి మస్తుగొచ్చినవు, ఎనుకదంత మసక మసక. కానీ నువ్వు మొత్తం ఫొటోల పట్టాల్నంటే ఎనుకకు జరిగి జరిగి వాకిట్లకు పోయి నిలవడ్డ. ముప్పై అయిదు పెడితే మంచం కాడ స్టూలేసుకొని కూసున్నా పట్టినవు. నీ గురక గూడ ఇనవడ్డది.

పెండ్లోళ్లకు ఏది మంచిగుంటదో నాకు తెల్వది. మన ఇంటికైతే ముప్పై అయిదే ఉంచుకో.

బస్సుకు టైమైంది, పోతున్న.
భవిత

కార్డుల ఉన్న ఆ ఫొటోలు తుడపకు. అండ్ల నావి ఒక్కటి గూడ లెవ్వు. సాయంత్రం నేనొచ్చేదాక ఆగు బావా. ఆ లెన్సు పెట్టుకొని జర దగ్గరికి రా. నేను మేల్కొనే ఉంట.